దసరాకి పిల్లలకు గిఫ్ట్ కార్డ్ ఇస్తున్నారా?

మేనల్లుళ్లకు, మేనకోడళ్లకు బ్యాంకు గిఫ్ట్ కార్డ్ కొనేముందు ఇవి చూసుకోండి.

– గడువు తేదీ. కనీసం ఏడాది ఉండాలన్నది రిజర్వ్ బ్యాంక్ నియమం, కానీ ఆ లెక్క డబ్బు వేసిన రోజు నుంచే మొదలు. మా మేనకోడలి కార్డు తేదీ దాటాక పెన్సిల్ బాక్సులో దొరికింది, కవరు కూడా విప్పలేదు పాపం. తేదీని కవరు మీదే పెద్దగా రాసివ్వండి.

– జారీ ఛార్జీ, దానిపై 18% జీఎస్టీ. చిన్న మొత్తానికి ఇది బరువే. ఐదొందలైతే చేతికివ్వడమే మేలు.

– ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది? మీకొస్తే, వాళ్లు ఆన్‌లైన్‌లో కొన్నప్పుడల్లా మిమ్మల్ని అడగాలి.

– ఏటీఎంలో తీయలేరు, మళ్లీ నింపలేరు. గరిష్ఠం 10,000 రూపాయలు.

– బిల్లు 1,040, కార్డులో 1,000 ఉంటే పేమెంట్ ఫెయిలవుతుంది. కార్డు మీద వెయ్యి, మిగతాది నగదు అని కౌంటర్లో ముందే చెప్పమనండి.