సాక్షి మాట నిలబెట్టాలంటే

విజయనగరంలో నా దగ్గర జూనియర్లుగా చేరినవాళ్లకి మొదట చెప్పేదిదే. క్రాస్‌లో, అంటే మన సాక్షిని ఎదుటి ప్లీడరు ప్రశ్నించేటప్పుడు, ఆయన ‘ఇదంతా ప్లీడరు నేర్పిన పాఠం’ అనగానే లేచి అరవొద్దు. పొలం గట్టు తగాదా కేసే అనుకోండి, అది జరిగిన రాత్రే సాక్షి తన వదినతో ఏం చెప్పిందో వెతకండి. భారతీయ సాక్ష్య అధినియమం 160వ సెక్షన్ (పాత చట్టంలో 157) ప్రకారం ఘటన వేళ, లేదా దాదాపు అప్పుడే చెప్పిన మాటని, సాక్షి కోర్టులో చెప్పినదాని సమర్థనకి వాడొచ్చు. రీ-ఎగ్జామినేషన్‌లో, అంటే క్రాస్ అయ్యాక మన సాక్షిని మనం మళ్లీ ప్రశ్నించేటప్పుడు, ‘ఆ రాత్రి ఎవరికి చెప్పావమ్మా?’ అని అడిగి ఊరుకోండి, జవాబు అందించకండి. తర్వాత వదినని బోనెక్కించండి.

దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మాత్రం దీనికి పనికిరాదు. ఈ తేడా మరిచి కుర్రతనంలో నేను చీవాట్లు తిన్నాను. ఫిర్యాదు ఇచ్చింది ఆ సాక్షే అయితే ఎఫ్.ఐ.ఆర్. వాడొచ్చు, మేజిస్ట్రేటు ముందు చెప్పిందీ వాడొచ్చు. వారం ఆగి వదినతో చెప్పిన మాటా? అప్పటికి ఊళ్లో పెద్దమనుషుల బేరాలు మొదలైపోయుంటాయి, జడ్జిగారికీ ఆ సంగతి తెలుసు.