మెటల్ డిటెక్టర్ పాఠాలు - 4: మెట్టె ఎందుకు పలకలేదు?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చాలామందిని బోల్తా కొట్టించింది. పెరట్లో బెత్తెడు లోతున పది వస్తువులు పాతి, పైన కాయిల్ (మెషిన్ కింది కొసన ఉండే తీగచుట్ట పళ్లెం) తిప్పి, తెర మీద కనిపించే అంకెలు రాసుకోమన్నాను. వచ్చిన ఫిర్యాదు దాదాపు ఒక్కటే. జార్జి రాజు వెండి రూపాయి గణగణమంది, బ్రాందీ సీసా అల్యూమినియం మూత అంతకంటే గట్టిగా మోగింది, వెండి మెట్టె మాత్రం కిక్కురుమనలేదు. మెషిన్ పాడైందేమోనని టెన్షన్ పడి ఒకాయన సెన్సిటివిటీని చివరిదాకా పెంచేశారు. ఆయనది ఇనుము కలిసిన ఎర్రనేల. ఇక నేలే అరవడం మొదలుపెట్టింది.

మెషిన్ బాగానే ఉంది. తప్పులో సగం నాది. ఇనుము గోల తగ్గడానికి డిస్క్రిమినేషన్ (ఫలానా అంకె కంటే కిందివి పలక్కుండా మూసే సెట్టింగు) పెట్టుకోమన్నాను కానీ ఎక్కడ ఆపాలో చెప్పలేదు. కొందరు మేకులతోపాటు రేకు ముక్కల్నీ వదిలించుకుందామని ఇంకా పైకి మూసేశారు. సన్నని బంగారు ఉంగరం కూడా మాత్రల స్ట్రిప్పు రేకు పలికే చోటే పలుకుతుంది. రేకు వద్దంటే ఉంగరమూ వద్దన్నట్టే. నేనైతే నగ కోసం వెతికేటప్పుడు డిస్క్రిమినేషన్ పూర్తిగా తీసేస్తాను. ఇనుప మోతను చెవే వదిలేస్తుంది. అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది, అంతే.

మిగతా సగం దగ్గరే నాకు ఒళ్లు మండేది. తెర మీది అంకె లోహం పేరు చెబుతుందని ఎవరో మీకు నూరిపోశారు. చెప్పదు. కాయిల్ నుంచి సెకనుకు వేలసార్లు మారే అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అది తగిలిన లోహంలో కరెంటు సుడి తిరుగుతుంది. ఆ సుడి నుంచి తిరిగొచ్చే జవాబు ఎంత ఆలస్యమైందన్న దాన్ని బట్టి మెషిన్ అంకె వేస్తుంది. సుడి తిరగాలంటే దారి ఉండాలి. రూపాయి బిళ్లలో బోలెడంత దారి. మెట్టెకు? వేలికి సరిపోయేలా వంచుకోవడానికి కింద చీలిక వదులుతారు కదా, సుడి అక్కడ ఆగిపోతుంది. వెండి అయినా సరే, మెషిన్‌కు అది సన్నని కమ్మీ ముక్క.

నమ్మకం లేకపోతే ఇంటి వైరింగులో మిగిలిన రాగి తీగ తీసుకోండి. తొడుగు ఒలిచి, ఉంగరంలా చుట్టి, కొసలు గట్టిగా మెలిపెట్టి టంకం వేయండి. అంకె చూడండి. ఇప్పుడు ఒకచోట కత్తిరించి, వెంట్రుకంత సందు వదలండి. మళ్లీ చూడండి. అదే రాగి, అదే బరువు. అంకె ఎక్కడికి పడిపోయిందో!

గొలుసులది ఇంకా అన్యాయం. కడియాలు ఒకదానికొకటి సరిగా ఆనవు కాబట్టి పెద్ద సుడి తిరగదు. ప్రతి కడియమూ తన మానాన తాను గొణుగుతుంది. అందుకే రెండు తులాల గొలుసు ఉన్నా మెషిన్ దాటిపోతుంది. నల్లపూసలైతే చెప్పనే అక్కర్లేదు. మా ఊళ్లో వేరుశనగ పీకుతుంటే ఒకావిడ పుస్తెలతాడు తెగిపోయింది. నేను ఒక పూటంతా గొలుసు మోత కోసం చెవులు రిక్కించి వృథా చేశాను. సాయంత్రం పుస్తె పలికింది. గొలుసు దాని పక్కనే మట్టిపెళ్లలో ఉంది. కాబట్టి పుస్తెలతాడు పోతే పుస్తెల కోసం వెతకండి. కాలి పట్టీ పోతే దాని మర కోసం.

తాము పాతిపెట్టని వస్తువులు కూడా దొరికాయన్నవారికి ఒక మాట. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉన్న 10 రూపాయలకు మించిన విలువైనది ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. పెరడు మీదే అయినా సరే. గుప్తనిధుల కోసం పాత గుళ్ల చుట్టూ తిరగాలనుకునేవాళ్లు నా పాఠాలు చదవడం ఇక్కడితో ఆపేయండి.

ఈ వారం పని. ఒకే మెట్టె. పడుకోబెట్టి, నిలబెట్టి, ఏటవాలుగా. ఒకటి, రెండు, మూడు అంగుళాల లోతుల్లో. ఒక్కోసారి నాలుగు దిక్కుల నుంచి కాయిల్ తిప్పుతూ. మొత్తం 36 అంకెలు. పలకని చోట సున్నా వేయండి, వదిలేయకండి. మెట్టెకు దారం కట్టి, కొస పైకి వదిలి పాతండి. పోయిన వారం ఇంట్లో అడక్కుండా తీసుకుని పాతినవారిలో ఒకరు ఇంకా తవ్వుతూనే ఉన్నారు.