ఎముక అతకక షాక్‌వేవ్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

షాక్‌వేవ్ అంటే మెషీన్‌తో బయటి నుంచి ఎముకకు బలమైన శబ్ద తరంగాలు పంపే చికిత్స. విరిగి ఆరు నెలలు దాటినా ఎముక అతకనివాళ్లలో కొందరికి ఆపరేషన్ తప్పించే దారి ఇది. టేబుల్ ఎక్కేముందు మాత్రం:

ఎందుకు అతకలేదో తేల్చుకోండి. అక్కడ క్యాన్సర్ గడ్డ ఉంటే ఈ చికిత్స చేయకూడదు. చీము ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

గర్భం, రక్తం పలచబరిచే మందుల గురించి డాక్టర్ అడక్కపోయినా చెప్పండి. మందు మీ అంతట మీరు ఆపొద్దు.

కొత్త ఎక్స్‌రే తీయించండి. విరిగిన చోట నల్లటి సందు కనిపిస్తుంది కదా, అది 5 మిల్లీమీటర్లు దాటితే అతికే అవకాశం బాగా తగ్గుతుంది.

మెషీన్ ఏదో అడగండి. మడమ నొప్పికి చాలాచోట్ల వాడే రేడియల్ రకం తరంగం పైపైనే చెదిరిపోతుంది. లోపలి ఎముకకు తరంగాన్ని లోతున ఒకే చోటికి చేర్చే ఫోకస్డ్ రకం కావాలి. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే.

ముందు ఆపరేషన్‌లో వేసిన రాడ్డు, ప్లేటు ఉంటే వదులయ్యాయేమో చూపించండి. కదిలే చోట కొత్త ఎముక నిలవదు.

సిగరెట్, బీడీ ఈరోజే మానండి. పొగ రక్తప్రసరణను దెబ్బతీస్తుంది.

ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. నొప్పి తగ్గింది కదా అని, డాక్టర్ సరేననకముందే కాలు మీద బరువు మోపకండి.