గడ్డినేలలో ఏ జీవి ఏ జీవితో ఏం చేస్తున్నదో గమనించే పద్ధతి

గడ్డినేలను పరిశీలించడానికి వెళ్ళినవారు సాధారణంగా కనిపించిన ప్రాణుల పేర్లు రాసుకుని తిరిగి వస్తారు. ఆ జాబితా ఎంత పొడవుగా ఉన్నా, అక్కడి జీవుల మధ్య ఏం జరుగుతున్నదో అది చెప్పదు. అందుచేత నోటుపుస్తకంలో ప్రతి వరుసలోనూ రెండు పేర్లను, వాటి మధ్య ఒక క్రియను రాయండి: ఆవు గరికను మేసింది, చీమ మిడత కాలును ఈడ్చుకుపోయింది. కళ్ళారా చూసినదాని కింద గీత గీయండి. ఆనవాళ్ళను బట్టి ఊహించినదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఈ తేడా పాటించకపోతే, పాఠ్యపుస్తకంలో చదివిన ఆహారపు గొలుసునే నేల మీద చూశామని అనుకునే ప్రమాదం ఉంది.

హైదరాబాదు వాసులకు ఇందుకు అనువైనవి గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల ఎగువన, చేవెళ్ళ వైపు మిగిలి ఉన్న బీళ్ళు. జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన జీవో 111 ఆ పరిసరాల్లోని 84 గ్రామాలలో నిర్మాణాలపై పరిమితులు పెట్టడం వల్ల అక్కడ చాలాకాలం నేల ఖాళీగా నిలిచింది. పశువులు మేసే బీడునే ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం. మేత లేని చోట చూడదగిన సంబంధాలలో సగం కనిపించవు. భూమి ఎవరిదో కనుక్కుని అనుమతి అడగండి. వానల తరువాత రక్తపింజరి గడ్డిలో ఉంటుంది కనుక చీలమండలు కప్పే బూట్లు తప్పనిసరి, కన్నాలలో చేయి పెట్టకూడదు.

మొదట గడ్డినే చూడండి. నాలుగు మీటర్ల తాడుతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గల చతురస్రాన్ని రెండు చోట్ల పరచండి: ఒకటి పశువులు బాగా మేసిన చోట, రెండవది వాటి మూతికి అందని రేగుకంప అంచున. మేసిన చోట గడ్డి పొట్టిగానే ఉన్నా పచ్చగా చిగురిస్తూ ఉంటుంది. గడ్డి పెరిగే మొన నేలకు దగ్గరగా, మొదట్లో ఉంటుంది కాబట్టి పైభాగం పోయినా పెరుగుదల ఆగదు. కొనలో పెరిగే అనేక మొక్కలకు అదే మేత పెద్ద దెబ్బ. కంప చాటున ఎత్తుగా ఎదిగే మొక్కలు బతికిపోతాయి, అంటే ముళ్ళపొద వాటికి కాపలాదారు. ఈ రెండు చతురస్రాలలో మొక్కల రకాలను లెక్కపెట్టి పోల్చితే మేత ఎవరికి మేలో, ఎవరికి కీడో తెలుస్తుంది.

తరువాత మేస్తున్న మంద వెంట కాస్త దూరంగా నడవండి. పశువుల కాళ్ళ దగ్గర తెల్లకొంగలు, వీపు మీద పసులపోలిగాడు కనిపిస్తాయి. అడుగుల అలికిడికి ఎగిరే మిడతలే వాటి ఆహారం. పశువు పక్కనున్న కొంగ ఐదు నిమిషాలలో ఎన్నిసార్లు ముక్కుతో పొడిచిందో, దూరంగా ఒంటరిగా ఉన్న కొంగ ఎన్నిసార్లు పొడిచిందో విడివిడిగా లెక్కించండి. అంకెలలో తేడా కనిపిస్తే అది మీరు సొంతంగా సంపాదించిన ఆధారం.

అన్నిటికంటే ఎక్కువ సమయం పేడ దగ్గర కేటాయించండి. వానాకాలంలో అప్పుడే పడిన పేడకడి పక్కన గుర్తుగా రాయి పెట్టి కూర్చుంటే ముందు ఈగలు, ఆ తరువాత పేడపురుగులు వస్తాయి. పేడపురుగులలో కొన్ని ఉండచేసి దొర్లించుకుపోతాయి, కొన్ని పేడ కిందనే సొరంగం తవ్వి లోపలికి దింపుతాయి, మరికొన్ని అందులోనే కాపురముంటాయి. మరునాడు పేడ చుట్టూ పొడిమట్టి కుప్పలు కనిపిస్తే సొరంగం తవ్వేవి పని చేశాయన్నమాట. పేడ నేలలోకి దిగడం వల్ల గడ్డి వేళ్ళకు ఎరువు అందుతుంది, ఈగల పిల్లలకు తిండి తగ్గుతుంది. గోరింకలు వచ్చి పేడను తిరగేసి పురుగులను ఏరుకుంటాయి. అదే బీటికి ఫిబ్రవరిలో వెళ్ళి ఎండిన పిడకను పుల్లతో ఎత్తండి. అడుగున మట్టిపొర, చెదలు ఉంటాయి. పేడపురుగులు తగ్గిపోయే ఎండుకాలంలో ఆ పనిని చెదలు అందుకుంటాయి.

పశువులు ముట్టని జిల్లేడును దాటిపోకండి. దాని విషపు పాలు ఒంట్లో దాచుకునే పసుపు నీలం చారల మిడత అక్కడే తింటూ ఉంటుంది. ఆ కొట్టొచ్చే రంగు పక్షులకు హెచ్చరిక. నల్లని అంచులున్న నారింజ రంగు సీతాకోకచిలుక కూడా జిల్లేడు మీద గుడ్లు పెడుతుంది, దాని గొంగళి సైతం ఆ విషాన్నే వాడుకుంటుంది. చిత్రమేమంటే, గంగవాయిలి కూర తిని పెరిగే మరో జాతి సీతాకోకచిలుకలో ఆడది, విషం లేకపోయినా, అచ్చం ఆ రంగులే తొడుక్కుని పక్షులను మోసగిస్తుంది. ఆ రెండు రకాలనూ ఒకే బీటిలో చూసే అవకాశం ఉంది.

మేకల పెంటికలలో మొలకలు కనిపిస్తే అవి సర్కారు తుమ్మవేమో పరీక్షించండి. తియ్యని కాయలు తిన్న జంతువులు అరగని గింజలను బీడంతా చల్లుతాయి, కొన్నేళ్ళకు గడ్డి స్థానంలో తుమ్మ నిలుస్తుంది.

తీతువు తలపై తిరుగుతూ అరుస్తుంటే వెంటనే వెనుదిరగండి. నేలమీదనే గుడ్లు పెట్టే ఆ పక్షి గూడు దగ్గర మీరు నిలబడితే కాకులకూ ముంగిసలకూ దారి చూపినట్లవుతుంది.

వేటను నేరుగా చూడడం అరుదు. నల్లని భుజాలున్న చిన్న తెల్లగద్ద గాలిలో ఒకేచోట రెక్కలాడించి కిందికి దూకినా, గడ్డిలో ఏం పట్టిందో కనిపించదు. అది తరచుగా వాలే కరెంటు స్తంభం కింద వెతికితే, అరగక కక్కిన ఉండలు దొరుకుతాయి. చేతితొడుగులు వేసుకుని వాటిని విప్పితే బూడిదరంగు వెంట్రుకలు, ఎలుకల దవడ ఎముకలు బయటపడతాయి. అప్పుడు ఆ వరుసలోని ప్రశ్నార్థకాన్ని కొట్టివేయవచ్చు.