ఊరి వెలుగులో గెలాక్సీ ఫొటో: ఎక్కడ తేడా కొడుతోంది?

విజయనగరంలో ఒక మేడ, ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సారున్న) కెమెరా, 135 ఎంఎం లెన్సు, ట్రైపాడ్. ఇంతే ఉందనుకుందాం. తొలి గురి ఆండ్రోమెడా గెలాక్సీ, అంటే ఎం31. కార్తీకంలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటుంది. విశాఖ వెలుగు దక్షిణాన ఉంటుంది కాబట్టి అది మనకి కలిసొచ్చే దిక్కే.

ఫొటో అంతా తెల్లగానో, నారింజగానో తేలిపోయింది

ఎక్స్‌పోజర్ ఎక్కువైంది. వెలుగు చాలట్లేదని సెకన్లు పెంచితే గెలాక్సీతో పాటు ఆకాశం వెలుగూ పెరుగుతుంది. హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుగు గ్రాఫ్) గుట్ట ఎడమ అంచుని వదిలి, పావు నుంచి మూడో వంతు మధ్య ఉంటే చాలు. ట్రాకర్ (ఆకాశం తిరిగే వేగంతో కెమెరాని తిప్పే పరికరం) ఉంటే ఎఫ్/4, ఐఎస్ఓ 800, 30 సెకన్లతో మొదలుపెట్టి చూడండి. ట్రైపాడ్ మీదైతే ఎఫ్/2.8, ఐఎస్ఓ 3200, 2 సెకన్లు. అది దాటితే చుక్కలు గీతలవుతాయి. ఫైలు రా (RAW) ఫార్మాట్‌లోనే ఉండాలి, జేపెగ్ పనికిరాదు.

మధ్యలో మసక చుక్క తప్ప ఏమీ లేదు

ఇదే అందరూ నిరుత్సాహపడే చోటు. ఎం31 వెడల్పు ఆకాశంలో సుమారు 3 డిగ్రీలు, ఆరు నిండు చందమామలు వరసగా పేర్చినంత. దాని వెలుగంతా అంత మేర పలచబడి ఉంటుంది, అంచులు ఊరి ఆకాశం కంటే మసక. ఒక్క ఫ్రేములో అవి రావు. నాలుగు రెట్లు ఫ్రేములు తీసి స్టాక్ చేస్తే, అంటే సాఫ్ట్‌వేర్‌తో ఒకే ఫొటోగా కలిపితే, నాయిస్ (ఫొటోలోని గరుకు) మీద సిగ్నల్‌కి రెండు రెట్ల మెరుగు వస్తుంది. 2 సెకన్లవి 900 తీస్తే అరగంట. నాలుగు రాత్రులు తీస్తే రెండు గంటలు. ట్రైపాడ్ వాళ్లు పది నిమిషాలకోసారి గెలాక్సీని మళ్లీ మధ్యకి తెచ్చుకోవాలి. ఫ్రేము ప్రతిసారీ కాస్త అటూ ఇటూ జరగడం మంచిదే, స్టాక్‌లో చారల నాయిస్ తగ్గుతుంది. ఎం33 అనే మరో గెలాక్సీ జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. పుస్తకంలో మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత) 5.7 అని ఊరిస్తుంది గానీ, ఊళ్లో చుక్కలు చూపిస్తుంది.

రాత్రి ఎంపికకి పంచాంగం చాలు. బహుళ అష్టమి దాటాక చంద్రుడు అర్ధరాత్రి తర్వాతే ఉదయిస్తాడు, సాయంత్రాలు చీకటి. దీపావళి అమావాస్య, నాగుల చవితి మాత్రం వదిలేయండి, టపాసుల పొగలో ఏమీ రాదు.

ఫిల్టర్ కొన్నా తేడా లేదు

పాత సోడియం దీపాల వెలుగు కొన్ని రంగుల్లోనే ఉండేది, ఫిల్టర్ దాన్ని ఆపేది. ఎల్‌ఈడీ వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది. గెలాక్సీ వెలుగూ నక్షత్రాలదే కనుక అన్ని రంగుల్లోనూ ఉంటుంది. ఒకటి ఆపితే రెండోదీ ఆగుతుంది. ఆ డబ్బు ట్రాకర్‌కి దాచుకోండి.

స్టాక్ సాగదీస్తే (మసక భాగాలు కనిపించేలా వెలుగు పెంచితే) మూలలు నల్లగా, ఒక పక్క తెల్లగా

రెండు వేర్వేరు జబ్బులివి. నల్ల మూలలు, దుమ్ము వలయాలు లెన్సూ సెన్సారువి. వీటికి మందు ఫ్లాట్ ఫ్రేములు: ఫోకస్, అపర్చర్ కదపకుండా లెన్సు మీద తెల్ల బనియన్ గుడ్డ ముడతల్లేకుండా బిగించి, తెల్లారే ఆకాశం వైపు 30 తీయండి. హిస్టోగ్రామ్ మధ్యలో ఉండాలి. ఒక పక్క తెలుపు ఊరి వెలుగుది. సిరిల్ సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ గానీ, గ్రాఎక్స్‌పర్ట్ సాఫ్ట్‌వేర్ గానీ దాన్ని తీసేస్తుంది. ఆకాశం వెలుగు కొలవడానికి పెట్టే శాంపిల్ చుక్కలు గెలాక్సీ మీద పడితే దాన్నీ తుడిచేస్తుంది, చూసుకోండి. ఫ్లాట్లు మానేసి ఈ పని మొదలెడితే రాత్రంతా వృథా.

ట్రాకర్ ఉన్నా చుక్కలు సాగాయి

మూలల్లోనే సాగితే లెన్సు లోపం, అపర్చర్ ఒక స్టాపు తగ్గించండి (ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4కి). ఫ్రేమంతా ఒకే వైపు సాగితే ధ్రువ నక్షత్రానికి గురి సరిగ్గా కుదరలేదు. మన దగ్గర అది 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, పక్కింటి వాటర్ ట్యాంకే అడ్డం రావచ్చు. అది కనిపించే మూల వెతికి ట్రైపాడ్ అక్కడ పెట్టండి.

గంట తర్వాత చుక్కలు ఉబ్బాయి

లెన్సు మీద టార్చి వేసి చూడండి. మంచు పట్టి ఉంటే హుడ్డు, పవర్ బ్యాంకుతో నడిచే డ్యూ హీటర్ పట్టీ కావాలి. తుడిస్తే మళ్లీ పడుతుంది. పొడిగా ఉంటే చలికి ఫోకస్ జరిగింది, లైవ్ వ్యూ పదింతలు పెంచి సరిచేయండి. కళింగపట్నం తీరానికి వెళ్తే చీకటి ఎక్కువే, కానీ లైట్‌హౌస్ కిరణం లెన్సుకి తగలకుండా నిలబడాలి. ఇంటికొచ్చాక ముందు బ్లోయర్‌తో ఇసుక ఊది, తర్వాతే తడి లెన్సు గుడ్డతో ఉప్పు తుడవండి.