ఆర్కేడ్ మానిటర్‌లో కొత్త ట్రాన్సిస్టర్ మళ్లీ మళ్లీ కాలిపోతుంటే

పాత ఆర్కేడ్ (వీడియో గేమ్) మెషీన్ స్క్రీన్ చీకటిగా ఉందా? చాసిస్ (మానిటర్ సర్క్యూట్ బోర్డు) విప్పే ముందు పిక్చర్ ట్యూబ్ మెడ వైపు చూడండి. చాలా ఆర్కేడ్ మానిటర్లలో హీటర్‌కు (ట్యూబ్ మెడలో వెలిగే ఫిలమెంట్‌కు) కరెంటు ఫ్లైబ్యాక్ (అధిక వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) నుంచే వస్తుంది. లోపల నారింజ వెలుగు ఉంటే, ఫ్లైబ్యాక్‌ను నడిపే హారిజాంటల్ సెక్షన్ పనిచేస్తున్నట్టే. ఫ్లైబ్యాక్ మీది స్క్రీన్ నాబ్ కొద్దిగా పెంచండి. తెర వెలిగిందంటే తప్పు మానిటర్‌ది కాకపోవచ్చు. నాబ్‌ను మళ్లీ పాత చోటికి తిప్పేసి, గేమ్ బోర్డుకు 5 వోల్టులు సరిగా అందుతున్నాయేమో కొలవండి. ఈ రెండు నిమిషాల పని చేయక, బాగున్న మానిటర్‌ను విప్పి పాడుచేసినవాళ్లను ఎందరినో చూశాను.

మెడ వెలగకపోతే ప్లగ్ పీకేయండి. పీకినా ఆనోడ్ కప్పు (ఫ్లైబ్యాక్ లావు వైరు ట్యూబుకు తగిలే చోటి రబ్బరు కప్పు) కింద 20 వేల వోల్టులు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువే నిలిచి ఉండొచ్చు. ట్యూబ్ వెనక చుట్టిన అల్లిక తీగకు క్లిప్ వైర్ తగిలించి, రెండో కొస స్క్రూడ్రైవర్ లోహానికి బిగించండి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఆ మొనను కప్పు కిందకు జార్చండి. కొన్ని నిమిషాలాగి మళ్లీ అదే చేయండి, ఎందుకంటే గాజులో చార్జ్ తిరిగి పుడుతుంది. పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ సంగతి వేరు. దాన్ని రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటర్‌తో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.

ఇక అసలు సంగతి. ఫ్యూజు పోయింది, ఫ్లైబ్యాక్‌ను నడిపే హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్‌లో కలెక్టర్, ఎమిటర్ (దాని రెండు పిన్నులు) షార్ట్ అయ్యాయి. కొత్తది వేస్తే పది నిమిషాలు నడిచి అదీ పోతుంది. అందరూ ఫ్లైబ్యాక్‌ను అనుమానిస్తారు. నేనూ అలాగే అనుకుని ఒక మానిటర్‌లో మూడు ట్రాన్సిస్టర్లు పోగొట్టి, ఫ్లైబ్యాక్ కూడా మార్చాను. తప్పు అక్కడ లేదు. ట్రాన్సిస్టర్‌కు ముందుండి దాని బేస్‌కు డ్రైవ్ (నడిపే సిగ్నల్) ఇచ్చే డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్ పిన్ను దగ్గర డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని సోల్డర్. భూతద్దంతో చూస్తే సోల్డర్ గుట్ట మధ్యలో, పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి ఉంగరం. వేలితో ట్రాన్స్‌ఫార్మర్‌ను అటూఇటూ నొక్కితే పిన్ను ఆ ఉంగరంలో కదిలింది. వేడెక్కినప్పుడు ఆ సందు తెరుచుకుంటుంది. బేస్‌కు తగినంత డ్రైవ్ అందదు. ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ అవ్వక, వేగంగా ఆఫ్ అవ్వక, కాగి చచ్చిపోతుంది. పాత సోల్డర్ పీల్చేసి కొత్తది పెట్టాక ఆ మానిటర్ మళ్లీ నా దగ్గరికి రాలేదు.

అందుకే కొత్త ట్రాన్సిస్టర్ పెట్టే ముందే డ్రైవర్ ట్రాన్స్‌ఫార్మర్, ఫ్లైబ్యాక్, యోక్ (ట్యూబ్ మెడ మీది కాయిల్) కనెక్టర్ పిన్నులన్నీ తిరిగి సోల్డర్ చేయండి. డ్రైవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోయినా ఇదే లక్షణం, దాన్నీ మార్చేయండి. లోహపు ఒంటి ట్రాన్సిస్టర్ అయితే కింద కరెంటును ఆపే మైకా ముక్క మరచిపోకండి, దాని ఒళ్లే కలెక్టర్. తొలిసారి ఆన్ చేసేటప్పుడు ఫ్యూజు చోట 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి. క్షణం వెలిగి మసకబారితే మంచిదే, నిండుగా వెలుగుతూనే ఉంటే ఆపేసి షార్ట్ వెతకండి. చాలా చాసిస్‌లు కరెంటు లైన్‌కు నేరుగా కలిసే ఉంటాయి కనుక ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా బల్లమీద పరీక్షించొద్దు.

తెర మధ్య ఒక్క అడ్డగీతే కనిపిస్తే వర్టికల్ సెక్షన్ కెపాసిటర్లు, యోక్ పిన్నులు చూడండి. ఫాస్ఫర్ (తెర లోపల వెలిగే పూత) కాలకుండా ముందు వెలుగు తగ్గించండి. ఒక రంగు పోతే గేమ్ బోర్డు నుంచి వచ్చే రంగు వైర్లు తారుమారు చేసి చూస్తే తప్పు బోర్డుదో మానిటర్‌దో తేలుతుంది. ట్యూబే బలహీనపడటం, ఫ్లైబ్యాక్ లోపల షార్ట్ అవ్వడం కూడా జరుగుతాయి, కానీ ముందు తేలికైనవి చూసి, వాటిని చివర్లో చూడండి.