వృద్ధాశ్రమంలో చేర్చే ముందు చూసుకోవలసిన లెక్కలు, కాగితాలు

అమలాపురంలోనో, భీమవరంలోనో ఒక వృద్ధాశ్రమానికి ఫోను చేసి నెలకు ఎంతవుతుందని అడిగితే వెంటనే ఒక అంకె చెబుతారు. తన స్నానం తాను చేసుకుని, భోజనాల గదికి తానే నడిచి వెళ్లగలిగిన మనిషికి వేసిన అంకె అది. అదే మనిషి జారిపడి తుంటి ఎముక విరిగి మంచం పట్టినప్పుడు రెండో అంకె బయటికి వస్తుంది. మా పెద్దమ్మను చేర్చినప్పుడు మేము మొదటి అంకె ఒక్కటే అడిగి సంతకం పెట్టాము. ఏడో నెలలో వచ్చిన బిల్లు గీతల నోటుబుక్కులోంచి చింపిన అరకాగితం. పైన ‘రూము, భోజనం’ అని ఒక వరుస, దాని కింద రాత్రి ఆయా, డైపర్లు, చేతి తొడుగులు, ఫిజియోథెరపీ, ప్రతిదాని పక్కన పెన్సిలు టిక్కు ఉన్నాయి. మొత్తం మొదటి వరుసకు దాదాపు రెట్టింపు అయింది. వాళ్లు మోసమేమీ చేయలేదు, అడగవలసింది మేము అడగలేదు.

కాబట్టి ఆశ్రమాలు వెతకడానికి ముందే ఇంట్లో ఒక పని చేయాలి. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీద నుంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తినడం అనే ఆరు పనుల్లో వేటికి సాయం కావాలో ఒక వారం రోజులు గమనించి రాసుకోండి. మతిమరుపు, రాత్రిళ్లు లేచి తిరగడం, ఇన్సులిన్ ఇంజెక్షన్లు ఉంటే అవి కూడా రాయండి. ఈ కాగితాన్ని కుటుంబ వైద్యుడికి చూపించి, వచ్చే రెండేళ్లలో పరిస్థితి ఎటు మారవచ్చునో అడగండి. ఆశ్రమంవారితో మాట్లాడేటప్పుడు ఈ ఆరు పనులనే ఒక్కొక్కటిగా ప్రస్తావించి, దేనికి విడిగా డబ్బు తీసుకుంటారో అడిగితే రెండో అంకె చేరకముందే తెలుస్తుంది.

ఏ ఆధారమూ లేని వృద్ధుల దారి వేరు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయవచ్చునని అందులో ఉంది. స్వచ్ఛంద సంస్థలు నడిపే ఉచిత ఆశ్రమాలూ ఉన్నాయి. దగ్గరలో ఏది ఉందో తెలుసుకోవడానికి వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైను 14567కు ఫోను చేయవచ్చు, కాల్‌కు డబ్బు పడదు.

డబ్బు చెల్లించే ఆశ్రమాల విషయంలో ఖర్చు ఒక్కటిగా కనిపించినా అందులో నాలుగైదు పొరలుంటాయి. మొదటిది అడ్వాన్సు. తిరిగి ఇస్తారా, ఇస్తే ఎన్ని రోజుల్లో, ఎంత కోసుకుని ఇస్తారన్నది అడగాలి. తిరిగి వచ్చే అడ్వాన్సు కూడా ఉచితం కాదు. అయిదు లక్షలు వడ్డీ లేకుండా కడితే, బ్యాంకులో ఏడు శాతం వడ్డీ వస్తుందనుకున్నా ఏడాదికి 35,000 రూపాయలు, అంటే నెలకు సుమారు 2,900 రూపాయలు, కనిపించని అద్దెగా పోతున్నట్టు లెక్క. రెండోది నెలసరి రుసుము, మూడోది ఆయా లేదా అటెండరు జీతం, నాలుగోది డైపర్లు, మందులు, అంబులెన్సు వంటి వాడకం ఖర్చులు. అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది ఏటేటా పెరిగే శాతం. లెక్క కోసం ఇవాళ నెలకు 18,000 రూపాయలనుకుందాం. ఏడాదికి ఎనిమిది శాతం చొప్పున అయిదు సార్లు పెరిగితే అది 26,000 దాటుతుంది. తోట కౌలు మాత్రం అలా ఏటా పెరగదని మనవైపు ఎవరికీ చెప్పనక్కరలేదు.

జీఎస్టీ గురించి కూడా అడగండి. ప్రభుత్వం గానీ, ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన ధర్మసంస్థ గానీ నడిపే ఆశ్రమంలో 60 ఏళ్లు నిండినవారి వసతి, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి నెలకు 25,000 రూపాయల వరకు తీసుకునే రుసుముకు 2018 నుంచి మినహాయింపు ఉంది. మీ ఆశ్రమం ఆ కోవలోకి వస్తుందో రాదో రసీదు చూస్తే తెలుస్తుంది.

ఆదాయం వైపు చూస్తే, అర్హులైన వృద్ధులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలైంది. పక్షవాతం వంటి కారణాలతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 రూపాయల కేటగిరీ ఉంది. పింఛనును గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తారు కనుక, మనిషి ఊరు మారుతున్నారంటే ముందుగా సచివాలయంలో చెప్పి బదిలీ సంగతి చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులైతే నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఎవరు ఇప్పిస్తారో తేల్చుకోవాలి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి అయిదు లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆసుపత్రిలో చేరినప్పటి చికిత్సకే పనికొస్తుంది, ఆశ్రమం రుసుముకు చెల్లదు. మిగిలిన లోటును అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఏ వంతున భరిస్తారో కాగితం మీద పెట్టుకోవడం మొహమాటంగానే ఉంటుంది. అయినా మొదటి సంక్రాంతికి కూర్చుని తగువులాడుకోవడం కన్నా అదే నయం.

ఆశ్రమాన్ని చూడడానికి రెండుసార్లు వెళ్లండి, రెండోసారి చెప్పకుండా సాయంత్రం భోజనాల వేళకు వెళ్లండి. మంచం పట్టినవారి గదిలోకి అడుగుపెట్టగానే వాసన ఎలా ఉందో, వారిని రెండేసి గంటలకు ఒత్తిగిలబెడుతున్నారో లేదో, రాత్రి ఎంతమందికి ఒక ఆయా ఉంటుందో చూడండి. మంచం పక్కనున్న పిలుపు గంట నొక్కి చూడండి. మేము చూసిన ఒక చోట దాని బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. నడిపే సంస్థ నమోదు పత్రం అడగండి. సెలైన్లు పెట్టే పడకలు, వైద్యసేవలు కూడా ఉన్నాయని చెబితే, ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు రాష్ట్రంలో 2002 నుంచి ఉన్న చట్టం కింద నమోదైందో లేదో చూపించమనండి.

డెల్టాలో దీనికి తోడు వరద ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది ఇస్తారు. ఏటిగట్టుకు లోపలున్నా, ఏటి మధ్యనున్న లంకకు దగ్గరున్నా, ఏ హెచ్చరికకు ఎవరిని ఎక్కడికి తరలిస్తారు, జనరేటరు ఏ ఎత్తున ఉంది, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటరు వాడేవారికి కరెంటు పోతే ఏం చేస్తారు అన్నవి తప్పనిసరిగా అడగాలి. కొబ్బరిచెట్ల మధ్య చల్లగా ఉందని మురిసిపోయి చేర్చి, ఆగస్టులో పడవ కోసం ఎదురుచూసే పరిస్థితి తెచ్చుకోకూడదు.

నచ్చితే ముందు ఒక నెల ప్రయత్నంగా ఉంచి, ఆ తరువాతే అడ్వాన్సు కట్టండి. చేరే మనిషితో ముందుగా మాట్లాడి, వారి సమ్మతితోనే ఇదంతా జరగాలి. గుడికని చెప్పి తీసుకెళ్లి దింపి రావడం ద్రోహం. ఒప్పందంలో నాలుగు సంగతులు రాతలో ఉండాలి: మంచం పట్టినప్పటి రుసుము, ఏటా పెంపు శాతం, ఆసుపత్రిలో ఉన్న రోజులకు రుసుము తగ్గింపు, ఏ పరిస్థితిలో తీసుకువెళ్లిపొమ్మంటారు, దానికి ఎన్ని రోజుల గడువిస్తారు. మరణం సంభవిస్తే మొదట ఎవరికి ఫోను చేస్తారు, పిల్లలు అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చేవరకు ఫ్రీజరు బాక్సు ఎక్కడ పెట్టనిస్తారు, ఆ ఖర్చు ఎవరిదన్నది కూడా అడగండి. అడగడానికి నోరు రాదు, కానీ ఆ రాత్రికి ఈ జవాబే అక్కరకొస్తుంది.

ఆస్తి సంగతి విడిగా చెప్పాలి. ఆశ్రమంలో చేరే హడావుడిలో ఇల్లూ పొలమూ పిల్లల పేర ‘దాన సెటిల్‌మెంటు’ రాసేయడం మనవైపు తరచుగా జరుగుతుంది. 2007 చట్టంలోని 23వ సెక్షను ప్రకారం, పోషిస్తారన్న షరతు మీద రాసి ఇచ్చిన ఆస్తిని, పోషించనప్పుడు ఆ బదిలీ చెల్లదని ప్రకటించమని కోరవచ్చు. ఆ షరతు ఉండి తీరాలని సుప్రీంకోర్టు 2022లో ఒక కేసులో చెప్పింది, 2025లో మరో కేసులో చట్టాన్ని వృద్ధుల పక్షాన ఉదారంగా అన్వయించింది. తీర్పులు ఎలా ఉన్నా, ఆశ్రమం ఖర్చు భరించే బాధ్యతను దస్తావేజులోనే ఒక వాక్యంగా రాయించడం క్షేమం. పిల్లలు చెల్లించడం మానేస్తే ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు వృద్ధులు స్వయంగా అర్జీ ఇచ్చుకోవచ్చు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలని, అవసరమైతే మరో 30 రోజులు తీసుకోవచ్చునని చట్టం చెబుతోంది. సంతానం లేనివారు తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు మీద కూడా అర్జీ పెట్టవచ్చు.

చేర్చే రోజున ఆధార్, ఆరోగ్య కార్డు, బ్యాంకు పాసుపుస్తకం నకళ్లు, వాడుతున్న మందుల చీటీ, పాత డిశ్చార్జి సమ్మరీలు ఒక ఫైలులో పెట్టి, దాని నకలు మీ దగ్గరా ఉంచుకోండి. కళ్లజోడు పవరు, వినికిడి యంత్రం బ్యాటరీ నంబరు అట్ట మీద రాయండి. బట్టలన్నిటి మీదా రంగు దారంతో పేరు కుట్టించండి. అక్కడ అందరి బట్టలూ ఒకే మెషీన్‌లో వేస్తారు. మా పెద్దమ్మ వెంకటగిరి చీర రెండోవారమే మరొకరి మంచం మీద కనిపించింది.